ముందు ఆ రంగు డబ్బా పక్కన పెట్టండి

హనుమకొండ

చి. రుత్విక్, చి. అక్షితలకు చిన్నతాత ఆశీస్సులు.

జగిత్యాలలో మీ ఇంటి సజ్జ మీద, డాల్డా డబ్బాలో మీ నాన్న చిన్నప్పటి కార్లు దొరికాయని చెప్పారు. కొత్తగా రంగు వేయిస్తే ఎంత పలుకుతాయి అని అడిగారు. ఫోన్లో సగం చెప్పానో లేదో, మీ అమ్మ అన్నానికి పిలిచింది. మిగతాది రాస్తున్నా. రంగు మాత్రం వేయించకండి. అరిగినా, పెచ్చులు లేచినా ఫ్యాక్టరీలో వేసిన రంగుకే విలువ. దాని మీద కొత్త రంగు పడిందంటే అది మళ్లీ మామూలు బొమ్మే.

మనం ఇనుప కార్లు అంటాం గానీ వాటిలో ఇనుము తక్కువ. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తెచ్చి పెట్టి చూడండి. బాడీకి అంటుకోదు, ఇరుసులకు అంటుకుంటుంది. అడుగు రేకుకు కూడా అంటుకుంటే అది ఇనుప రేకు. డింకీ అనే ఇంగ్లండ్ బొమ్మ కార్లలో పాతవాటికి చాలావాటికి అలాంటి రేకే ఉంటుంది. బాడీ మాత్రం జింక్. దాంట్లో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం కలుపుతారు. ఆ మిశ్రమం పేరు జమాక్. 400 డిగ్రీల లోపే కరుగుతుంది. కరిగినదాన్ని రెండు ముక్కల ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో కొడితే క్షణాల్లో గడ్డకట్టి, తలుపు గీతలతో, హెడ్‌లైటు చుట్టూ రింగుతో సహా కారు బయటికొస్తుంది. డైకాస్టింగ్ అంటే ఇదే. కాజీపేట డీజిల్ షెడ్‌లో ఇంజన్లు విప్పి బిగించిన వాణ్ని నేను. అయినా నన్నడిగితే, అగ్గిపెట్టెలో పట్టే కారుకు అచ్చు చెక్కినవాడే పెద్ద పనిమంతుడు.

అగ్గిపెట్టె మాట ఊరికే అనలేదు. లండన్‌లో లెస్నీ అనే కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురి బళ్లో ఒక నియమం: అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే బడికి తేవాలి. ఆయన ఒక చిన్న రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. అది చూసి మిగతా పిల్లలూ కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ బండ్లు అలా మొదలయ్యాయి. అంతకుముందే లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన మెకానో అనే కంపెనీ డింకీ టాయ్స్ తెచ్చింది. ఆ పేరు 1934లో పెట్టారు; మన వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పెట్టిందీ ఆ ఏడే. 1956లో కోర్గీ అనే ఇంకో రకం కార్లు వచ్చాయి; వాటిలోనే కిటికీలకు ప్లాస్టిక్ అద్దాలు బిగించారు. 1968లో అమెరికాలో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ తెచ్చి, సన్నటి ఇరుసుల మీద జర్రున జారే కార్లతో అందరికీ టెన్షన్ పెట్టింది. మరుసటి ఏడే మ్యాచ్‌బాక్స్ కూడా సూపర్‌ఫాస్ట్ అని చక్రాలు మార్చుకోవాల్సి వచ్చింది. అందుకే చక్రం చూసి కాలం చెప్పొచ్చు. హాట్ వీల్స్ టైరు మీద ఎర్రటి గీత ఉందంటే అది 1977 దాటని రకం.

చక్రం తర్వాత, అసలు చూడాల్సింది అడుగు. ఏ బండి చేతికొచ్చినా ముందు బోర్లించండి. కంపెనీ పేరు, దేశం, మోడల్ నంబరు అక్కడే ఉంటాయి. 1982లో లెస్నీ దివాలా తీశాక మ్యాచ్‌బాక్స్ తయారీ చైనా తీరంలోని మకావుకు పోయింది. కాబట్టి ఒకదాని కింద ఇంగ్లండ్ అనీ, ఇంకోదాని కింద మకావు అనీ ఉంటే, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి చరిత్ర వేరు. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఇలాంటివి దొరకడానికి కారణం తెలుసు కదా. బొంబాయి పోయినోళ్లు, దుబాయి పోయినోళ్లు పిల్లలకు తెచ్చినవే. ఐనవోలు జాతరలో మాకు దొరికినవి రేకు బొమ్మలు, కొయ్య బండ్లు.

అడుగున ఏడాది కనిపిస్తే గంతులు వేయకండి. హాట్ వీల్స్ కింద 1976 అని ఉంటే ఆ డిజైను హక్కు నమోదైన ఏడాది అది. కారు ఇరవై ఏళ్ల తర్వాత తయారైనా అదే అంకె ఉంటుంది. అమ్మేవాళ్లలో కొందరికి ఈ సంగతి తెలియదు. ఇంకొందరు తెలిసీ చెప్పరు.

మన దేశంలో తయారైనవాటిని చిన్నచూపు చూడకండి. 1960ల చివర డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తాకు చేరాయి. డింకీ పేరు తీసేసి, నిక్కీ టాయ్స్ అని అమ్మారు. రంగు మందంగా ఉంటుంది, పనితనం కొంచెం మోటు. కానీ తయారైనవి తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. అలాగే లియో పేరుతో హాట్ వీల్స్ కూడా ఇక్కడ తయారయ్యాయి. అమెరికాలో రాని రంగుల్లో వచ్చిన లియో కార్ల కోసం విదేశాల వాళ్లే వెతుక్కుంటారు. మీ డబ్బాలో లియో, ఇండియా అన్న మాటలు కనిపిస్తే ఆ కారును వేరేగా పెట్టండి.

రంగు మార్చిన బండిని పట్టేదీ అడుగు చూసే. బాడీని, అడుగును కలిపేది రివెట్. ఫ్యాక్టరీలో నొక్కిన రివెట్ తల నున్నగా, గుండ్రంగా ఉంటుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచి ఉన్నా, స్క్రూ బిగించి ఉన్నా, జిగురు కనిపించినా ఎవరో విప్పారన్నమాట. కొత్త రంగు లోపలి మూలల్లోకి సరిగ్గా పోదు, తలుపు గీతలు పూడిపోతాయి. పగటి వెలుతురులో, భూతద్దంతో చూస్తే దొరికిపోతుంది.

ఇక కాపాడే సంగతి. పెంబర్తి ఇత్తడి దీపాలను అమ్మమ్మ చింతపండుతో తోమి తళతళలాడిస్తుంది. అదే పని ఈ కార్లకు చేశారో, గోవిందా. పులుపు జింక్‌ను తినేస్తుంది. టూత్‌పేస్టు, కిరసనాయిలు, థిన్నర్ కూడా వద్దు. మెత్తటి బొమ్మల కుంచెతో దుమ్ము దులపండి. జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క షాంపూ వేసి, గుడ్డ తడిపి, పిండి తుడవండి. స్టిక్కర్లు, కారు మీద అచ్చేసిన బొమ్మలు ఉన్నచోట నీళ్లు తగలనివ్వకండి. నీడలో, ఫ్యాన్ కింద ఆరాలి. చక్రం బిగుసుకుంటే సూది మొనతో కుట్టుమిషన్ నూనె ఒక బొట్టు ఇరుసుకు పెట్టండి. రబ్బరు టైరుకు తగిలితే ఉబ్బుతుంది, జాగ్రత్త.

బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు మనవాళ్లందరికీ ఉంది. ఈ కార్ల దగ్గర వేయకండి. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి పోతుంది. పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో ఎప్పటికీ టైర్ల మీదే నిలబెట్టి ఉంచినా ప్రమాదమే. టైర్లలో ఉండే మెత్తదనపు రసాయనం బయటికొచ్చి పెట్టె అడుగును కరిగిస్తుంది, కారు అక్కడే అతుక్కుంటుంది. కారు అడుగు కింద చిన్న దిమ్మ పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా చూస్తే చాలు. రేకుల గది, డాబా మీది గది పనికిరావు. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పాలా. వానాకాలంలో తేమ లాగడానికి చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు వేయండి. అట్టపెట్టెలు ఏవైనా దొరికితే పారేయకండి, చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. అసలు పెట్టెతో ఉన్న కారుకూ, లేనిదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. అందుకే నకిలీ పెట్టెలు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి.

ఒక జబ్బుకు మాత్రం మందు లేదు. జింక్‌లో కొంచెం సీసం కలిసినా లోహం లోపలి రేణువుల మధ్య తుప్పు మొదలవుతుంది. బాడీ ఉబ్బుతుంది, సన్నటి పగుళ్లు వస్తాయి, చివరికి వేళ్లతో నొక్కితే బిస్కెట్‌లా పొడి అవుతుంది. సేకరించేవాళ్లు దీన్ని జింక్ పెస్ట్ అంటారు. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 99.99 శాతం శుద్ధమైన జింక్‌తో జమాక్ చేసింది ఈ బాధ తప్పించడానికే. కానీ ఫ్యాక్టరీల్లో పాత లోహం, చెత్త కలుస్తూనే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన డింకీల్లో చాలావాటికి ఈ గతి పట్టింది. పక్క కారుకు అంటుకోదు, భయపడొద్దు. వేడి, తేమ తగ్గిస్తే కొంత నెమ్మదిస్తుంది, అంతే.

ఇంకో మాట. పాత రంగుల్లో సీసం ఉండేది. చిన్నోడు నోట్లో పెట్టుకోకుండా చూడండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఎంత పలుకుతాయి అన్నారు కదా. ఇంటర్నెట్‌లో ఎవరో అడిగే లక్ష రూపాయలను నమ్మకండి. అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. మీ డబ్బాలో ఎక్కువ భాగం మామూలువే అయి ఉంటాయి, ఒకటో రెండో మంచివి తేలొచ్చు. అవేవో తెలిసేదాకా దేన్నీ అమ్మకండి, ఎవరికీ మార్పిడి చేయకండి. ఇంటికి ఎవరొచ్చి బేరం చేసినా మీ నాన్నను అడగాలని చెప్పండి. కార్లు ఆయనవి, మీవి కాదు మరి.

ఆదివారం అన్నింటినీ ఒక తెల్ల తువ్వాలు మీద పరిచి, ఒక్కోదానికి రెండు ఫొటోలు తీయండి: పక్క నుంచి ఒకటి, బోర్లించి ఒకటి. అడుగు ఫొటోకు టార్చి పైనుంచి కాదు, పక్కనుంచి వేయండి; అప్పుడే అక్షరాలు లేచి కనిపిస్తాయి. పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకండి. మీ నాన్న ఫోన్‌లోంచి పంపండి, చూసి చెబుతాను.

మీ చిన్నతాత