ఎనభై దాటిన వాళ్లకు మెదడులో అన్యూరిజం ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

"ఈ వయసులో తల తెరిపిస్తారా?" అని ఒక బంధువు. "చేయించకపోతే రేపు నలుగురూ ఏమంటారు?" అని ఇంకొకరు. 80 ఏళ్లు దాటిన అమ్మకో నాన్నకో మెదడులో అన్యూరిజం ఉందని తెలిసిన రోజున, పిల్లలు ఈ రెండు మాటల మధ్య నలిగిపోవడం హైదరాబాద్‌లో న్యూరోసర్జన్‌గా తరచూ చూస్తుంటాను. మేం చూసేవి వేరు. అన్యూరిజం పగిలిందా, లేదా? జబ్బు రాకముందు ఆ మనిషి ఎలా ఉండేవారు? ఇకపై ఎలా బతకాలనుకుంటున్నారు? వయసు ఆ తర్వాతే.

అన్యూరిజం అంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ ఒకచోట బలహీనపడి, పాత సైకిల్ ట్యూబు పలచబడ్డ చోట ఉబ్బినట్టు ఉబ్బడం. ఎక్కువగా మెదడు అడుగున, ధమనులు చీలే దగ్గర వస్తుంది. వయోజనుల్లో నూటికి సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా. చాలామందికి అది ఉన్నట్టు జీవితాంతం తెలియదు. పగిలితే మాత్రం రక్తం మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చిమ్ముతుంది. దాన్నే సబ్అరాక్నాయిడ్ హెమరేజ్ అంటాం. పగలనిదీ, పగిలినదీ వైద్యం విషయంలో దాదాపు రెండు వేరు జబ్బులు. ఇళ్లల్లో జరిగే చర్చల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్లే సగం గందరగోళం.

అపోహ: అన్యూరిజం కనిపించిందంటే ఎప్పుడైనా పగిలిపోతుంది, వెంటనే తీయించేయాలి.

కళ్లు తిరుగుతున్నాయనో, మతిమరుపు వస్తోందనో ఎంఆర్ఐ తీయిస్తే రిపోర్టులో 4 మిల్లీమీటర్ల అన్యూరిజం అని వస్తుంది. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పెద్దావిడను మెట్లెక్కనివ్వరు, ఒంటరిగా గుడికి కూడా పంపరు. 2003లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ఏం చెప్పిందో చూడండి. అంతకుముందు రక్తస్రావం జరగని వాళ్లలో, మెదడు ముందు భాగం ధమనుల మీద ఉన్న 7 మిల్లీమీటర్ల లోపు అన్యూరిజాలు ఐదేళ్లలో ఒక్కటి కూడా పగల్లేదు. అదే సైజువి వెనక భాగం ధమనుల మీదా, ముందు వెనక ధమనులను కలిపే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ మీదా ఉంటే ఐదేళ్లలో 2.5 శాతం పగిలాయి. 25 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ప్రమాదం 40 నుంచి 50 శాతం. 2012లో వచ్చిన జపాన్ అధ్యయనంలో అన్ని సైజులూ కలిపి చూస్తే ఏడాదికి ఒక శాతం కంటే కాస్త తక్కువ. చిన్నవి అసలు పగలవని నేను అనడం లేదు. చిన్నది పగిలి వచ్చిన వాళ్లకూ వైద్యం చేస్తుంటాం. కానీ ఆపరేషన్‌కూ దాని ప్రమాదం దానికి ఉంది, వయసుతో పాటు అది పెరుగుతుంది. 83 ఏళ్ల మనిషిలో రాబోయే పదేళ్లలో పగిలే ప్రమాదాన్ని, ఇవాళ ఒక్కరోజులో నెత్తిన వేసుకునే ప్రమాదంతో పోల్చి చూస్తే, చాలాసార్లు ఏమీ చేయకపోవడమే మంచి వైద్యం అవుతుంది.

బీపీ అదుపులో పెట్టుకోవాలి. బీపీ నార్మల్‌గానే ఉందని మాత్ర ఆపేసే అలవాటు మన ఇళ్లల్లో చాలా ఎక్కువ. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అది నార్మల్‌గా ఉంది. చుట్ట, బీడీ, సిగరెట్ ఏ వయసులోనైనా మానాల్సిందే. "ఇన్నేళ్లు తాగాను, ఇప్పుడు మానితే ఏమొస్తుంది" అనే మాటను నేను ఒప్పుకోను. ఇంకొక సంగతి. రిపోర్టు చూసిన భయంతో గుండెకు వాడుతున్న ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపేయకండి. స్టెంట్ ఉన్న మనిషికి అది ప్రాణం మీదికి తేవచ్చు. అన్యూరిజం పెరుగుతున్నా, ఆకారం గతుకుగతుకుగా ఉన్నా, పక్కనున్న నరాన్ని నొక్కుతున్నా లెక్క మారుతుంది. అప్పుడు 80లోనూ చికిత్స గురించి మాట్లాడతాం.

అపోహ: బాత్రూంలో జారిపడ్డారు, అందుకే మెదడులో రక్తం వచ్చింది.

కావచ్చు. కానీ రక్తనాళం ముందు పగిలి, స్పృహ తప్పి, ఆ తర్వాత పడిపోయి ఉండొచ్చు కూడా. పెద్దవాళ్ల విషయంలో పడటం మీదే అందరి దృష్టీ ఆగిపోతుంది, నెత్తి మీద దెబ్బకు కట్టు కట్టించి ఇంటికి తెచ్చేస్తారు. పడకముందు "అబ్బా తల" అని అన్నారా, వాంతి అయిందా అని అడగండి. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రానంత తలనొప్పి క్షణాల్లో మొదలైతే అది అన్యూరిజం లక్షణమే అనుకుని పరుగెత్తాలి. మరీ వయసు పైబడిన వాళ్లు తలనొప్పి అని చెప్పకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడి, మత్తుగా, అయోమయంగా కనిపిస్తారు.

ఒక కంటి రెప్ప హఠాత్తుగా వాలిపోయి, ఆ కంటిపాప (నల్లగుడ్డు మధ్యలోని నల్లటి చుక్క) పెద్దదైతే అది మరో హెచ్చరిక. షుగర్ వల్ల కూడా రెప్ప వాలుతుంది, కానీ అప్పుడు సాధారణంగా కంటిపాప మామూలుగానే ఉంటుంది. పాప పెద్దదైందంటే అన్యూరిజం నరాన్ని నొక్కుతోందేమోనని అదే రోజు స్కాన్ చేయించాలి, కళ్లద్దాల షాపుకు తీసుకెళ్లి టైం పోగొట్టకూడదు.

పక్షవాతం అనుకుని ఇంట్లో ఆస్పిరిన్ మింగించవద్దు. రక్తం గడ్డ అడ్డుపడిందా, రక్తస్రావమా అన్నది సీటీ చూశాకే తెలుస్తుంది. 108కు ఫోన్ చేసి, సీటీ, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: 80 దాటాక పగిలితే చేసేదేమీ లేదు.

నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. ఒకసారి పగిలిన అన్యూరిజం మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో. రెండోసారి పగిలితే బతికే అవకాశం బాగా తగ్గిపోతుంది. అందుకే వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల లోపు మూసేయాలని చూస్తాం. సరిగ్గా ఆ గంటల్లోనే మన ఇళ్లల్లో "పెద్దబ్బాయి అమెరికా నుంచి బయల్దేరాడు, వచ్చాక చెబుతాం" అంటారు. ఆ అబ్బాయి బాధ నాకు అర్థమవుతుంది. వీడియో కాల్‌లో స్కాన్లు చూపించి మాట్లాడటానికి ఎంత రాత్రయినా మేం సిద్ధం. విమానం దిగేదాకా ఆగమంటేనే కష్టం.

ఎవరికి చేస్తాం, ఎవరికి వద్దంటాం? వచ్చేసరికి స్పృహలో ఉండి, పేరు చెప్పి, చేయి ఎత్తమంటే ఎత్తే మనిషి 82 ఏళ్ల వారైనా బాగా కోలుకోవడానికి అవకాశం ఉంది. లోతైన కోమాలో వచ్చిన వాళ్ల సంగతి వేరు. ఇంకోటి, రెండు వారాల కింద ఆ మనిషి ఎలా ఉండేవారని తప్పకుండా అడుగుతాం. తన బట్టలు తానే ఉతుక్కుని, రైతుబజారుకు నడిచి వెళ్లి కూరగాయలు బేరమాడి తెచ్చే 84 ఏళ్ల మామ్మ ఒకరు. మూడేళ్లుగా మంచం మీదే ఉండి, మనుషుల్ని గుర్తుపట్టని 74 ఏళ్ల పెద్దాయన ఒకరు. ఆధార్ కార్డు మీద వయసును బట్టి వీళ్లిద్దరి గురించి నిర్ణయం తీసుకోలేం. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసి మత్తు డాక్టర్ ఇచ్చే మాటకు వయసు అంకె కంటే ఎక్కువ విలువ ఉంటుంది.

అపోహ: కాయిలింగ్ సూది గుచ్చినంత పని, తల తెరవడం పాత కాలపు పద్ధతి.

తల తెరిచి అన్యూరిజం మెడకు క్లిప్పు వేయడం 1937లో అమెరికాలో వాల్టర్ డాండీతో మొదలైంది. తొడ దగ్గరి నుంచో, చేతి మణికట్టు నుంచో సన్నని గొట్టం పంపి అన్యూరిజాన్ని ప్లాటినం తీగ చుట్టలతో (కాయిల్స్‌తో) నింపే పద్ధతిని, అంటే కాయిలింగ్‌ను, గుయిడో గుగ్లియెల్మీ 1990లో రోగుల మీద వాడటం మొదలుపెట్టారు. రెండింటికీ కుదిరే 2,143 మందితో, ఈ రెండు పద్ధతులను పోల్చిన ఐశాట్ ట్రయల్ 2002లో వచ్చింది. ఏడాది తర్వాత చనిపోయిన, లేదా ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చిన వాళ్లు కాయిల్ పెట్టిన గుంపులో 23.7 శాతం, క్లిప్పు వేసిన గుంపులో 30.6 శాతం. కాబట్టి పెద్దవాళ్లలో మా మొదటి చూపు కాయిలింగ్ వైపే. అదే ట్రయల్‌లో 65 దాటిన వాళ్లను విడిగా చూసినప్పుడు, మెదడు పక్క భాగాలకు రక్తం తీసుకెళ్లే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మీద ఉన్నవాటికి క్లిప్పే మెరుగని కనిపించింది. తక్కువ మందితో వచ్చిన ఫలితమే అయినా, ఆ చోటున్న వాటికి నేను ఇప్పటికీ క్లిప్పు గురించి గట్టిగా ఆలోచిస్తాను.

పైగా 80 ఏళ్ల ధమనులు మెలికలు తిరిగి, సున్నం పేరుకుని గట్టిపడి ఉంటాయి. గొట్టం పైకి ఎక్కడమే కష్టం కావచ్చు. ధమనులు తెర మీద కనిపించడానికి వాడే రంగు మందు బలహీనమైన కిడ్నీలను దెబ్బతీయవచ్చు. కాయిలింగ్‌కు కూడా సాధారణంగా పూర్తి మత్తు ఇస్తాం. రక్తాన్ని అన్యూరిజంలోకి పోకుండా మళ్లించే ఫ్లో డైవర్టర్ లాంటి స్టెంట్లు పెడితే, రక్తం పలచబరిచే మందులు రెండు రకాలు నెలల తరబడి వాడాలి. తరచూ పడిపోయే పెద్దవాళ్లకు అది చిన్న విషయం కాదు.

అపోహ: ఆపరేషన్ సక్సెస్ అన్నారు కాబట్టి ఇక లేచి కూర్చుంటారు.

క్లిప్పు అయినా, కాయిల్ అయినా చేసేది ఒక్కటే, మళ్లీ పగలకుండా ఆపడం. మొదటిసారి చిమ్మిన రక్తం చేసిన నష్టాన్ని అది వెనక్కి తీసుకోదు. ఆ రక్తం వల్ల నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా మెదడు ధమనులు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది. నిన్న మాట్లాడిన అమ్మ ఏడో రోజు మత్తుగా పడుకుంటే ఇంటివాళ్లు హడలిపోతారు, కోప్పడతారు. ఆ రోజులు వస్తాయని ముందే కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మాది. దానివల్ల మెదడుకు జరిగే నష్టం తగ్గడానికి ప్రతి నాలుగు గంటలకు నిమోడిపిన్ అనే మందు ఇస్తాం, 21 రోజులు. అర్ధరాత్రి నిద్ర లేపి మాత్ర ఇస్తున్నారని నర్సుల మీద విసుక్కోవద్దు. మత్తుకు ఇంకొక కారణం మెదడులో నీరు చేరడం. పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. గొట్టం వేసి తీస్తే మళ్లీ తేరుకునే వాళ్లున్నారు, అందుకే దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఐసీయూలో రాత్రిళ్లు అయోమయంగా అరవడం, సెలైన్ పీకేయడం కూడా జరుగుతుంది. పిచ్చి పట్టిందని కంగారుపడకండి. వాళ్ల కళ్లద్దాలు, వినికిడి మిషన్ తెచ్చివ్వండి. పగలు ఇంటి మనిషి ఒకరు చేయి పట్టుకుని, ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెబుతుంటే చాలా తేడా వస్తుంది.

అపోహ: క్లిప్పు ఉంటే జన్మలో ఎంఆర్ఐ చేయించకూడదు.

ఇప్పుడు వాడే టైటానియం క్లిప్పులకూ, ప్లాటినం కాయిల్స్‌కూ ఎంఆర్ఐ చేయవచ్చు. పాత కాలపు కొన్ని క్లిప్పులతోనే ప్రమాదం. డిశ్చార్జ్ సమ్మరీ, క్లిప్పు వివరాల కాగితం జాగ్రత్త చేసుకోండి.

అపోహ: ఆపరేషన్ వద్దన్నారంటే గాలికి వదిలేసినట్టే.

కొందరికి ఆపరేషన్ వద్దని నేనే చెబుతాను. అప్పుడూ నొప్పి తగ్గించే మందు, ఊపిరికి ఆయాసం లేకుండా చూడటం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం అన్నీ ఉంటాయి. అవీ వైద్యమే. అలా నిర్ణయించుకున్న పిల్లలను గుచ్చి గుచ్చి ప్రశ్నించే బంధువులు ఆ మంచం పక్కన ఒక రాత్రి కూర్చుని చూస్తే బాగుంటుంది. బతికుండగానే తన చివరి వైద్యం ఎలా ఉండాలో రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది.

అన్నిటికంటే ముందు, స్పృహలో ఉన్న పెద్దవాళ్లను అడగాలి. "అమ్మకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు" అని ప్రేమతోనే అంటారు. చాలామంది అమ్మలు మనం అనుకున్నదానికంటే బాగా తట్టుకుంటారు, తమకు ఏం కావాలో స్పష్టంగా చెబుతారు. ఒకరికి ఏం చేసైనా మనవరాలి పెళ్లి చూడాలని ఉంటుంది. మరొకరు మంచాన పడి బతకడం వద్దంటారు. ఏది చెప్పినా ఆ మాటతోనే మా చర్చ మొదలవ్వాలి.

ఖర్చు విషయం. కాయిల్స్, స్టెంట్లు ఖరీదైనవి, ఎన్ని పడతాయో ముందుగా కచ్చితంగా చెప్పడం కష్టం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆయుష్మాన్ భారత్‌లో 70 ఏళ్లు నిండిన వాళ్లకు, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తింపజేస్తూ కేంద్రం 2024 అక్టోబరులో పథకం మొదలుపెట్టింది. మీరు వెళ్లిన ఆసుపత్రిలో, మీకు చెప్పిన చికిత్సకు ఇవి వర్తిస్తాయో లేదో చేరే రోజే ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు పేషెంట్ ఆధార్‌తో పాటు రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి.