వరదకు తట్టుకునే రోడ్లు: నెల్లూరు జిల్లాలో రోజూ వినే అపోహలు

రోడ్ల పనులు చూసే ఇంజినీరుని. అక్టోబరులో వాయుగుండం అన్న మాట వినపడగానే నాకు రోడ్డు కింద నీళ్లు పారే తూముల గురించే టెన్షన్. డబ్బు ఎక్కడ పెట్టాలని మాట్లాడుకునేటప్పుడు ఎదురయ్యే అపోహలివి.

అపోహ: రోడ్డు ఎత్తు పెంచితే చాలు, మునగదు.

వాస్తవం: తూములు పెంచకుండా ఎత్తు పెంచితే ఆ రోడ్డే చెరువు కట్ట అవుతుంది. పైవైపు చేలు మునుగుతాయి. నీళ్లు పొర్లిన చోట అవతలి వాలు కోసుకుపోయి గండి పడుతుంది. మా వైపు ఒక ఊరి దగ్గర రెండు పైపుల తూము ఉంది. ఓసారి వానలకు ముందు కర్ర దింపి చూస్తే పైపుల్లో సగం దాకా ఒండ్రు. మూతి దగ్గర గుర్రపుడెక్క, యూరియా సంచులు. పైన మాత్రం కొత్త తారు మెరుస్తోంది. పూడిక తీయించాలని రాశాను, మంజూరు కాలేదు. ఆ డిసెంబరులో నీళ్లు రోడ్డెక్కాయి. తెల్లారేసరికి కింద మట్టి లేక తారు పెచ్చు గాల్లో వేలాడుతోంది. నేనడిగింది రెండు రోజుల జేసీబీ కిరాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

అపోహ: హైవే తెగినా రైలుంది కదా!

వాస్తవం: 2021 నవంబరు పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అదే వరద అక్కడి జాతీయ రహదారినీ దెబ్బతీసింది. చెన్నై, విజయవాడల మధ్య రెండు దారులూ ఒకేసారి ఆగాయి. ఒకే వరదకు చిక్కే దారులు రెండున్నా ఒకటే లెక్క. అందుకే 2022లో సంగం బ్యారేజీ మీదుగా పెన్నా దాటే రోడ్డు వచ్చినప్పుడు చాలా సంతోషించాను.

అపోహ: వందేళ్ల వరద వచ్చేసింది, ఇక మన కాలంలో రాదు.

వాస్తవం: అది ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి 1. యాభై ఏళ్లు నిలవాల్సిన వంతెనకు ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం దాదాపు 40 శాతం.

అపోహ: గట్టిగా కట్టాలంటే ఖర్చు రెట్టింపు.

వాస్తవం: అభివృద్ధి చెందుతున్న దేశాల్లో కొత్త మౌలిక వసతులకు అదనంగా పడేది సుమారు 3 శాతమేనని, పెట్టిన ప్రతి రూపాయికీ నాలుగు రూపాయల మేలు వస్తుందని 2019లో ప్రపంచ బ్యాంకు లెక్కకట్టింది. పాతవాటిని బలపరచడం వేరు, అక్కడ ఖర్చు నిజంగానే ఎక్కువ. కాబట్టి ఏది ముందో తేల్చుకోవాలి.

అపోహ: బళ్లు ఎక్కువ తిరిగే రోడ్డుకే మొదట నిధులు.

వాస్తవం: అది తెగితే ఇంకో దారి ఉందా అన్నది ముందు చూడాలి. వాగు మీద చప్టా మునిగితే కాన్పు నొప్పులొచ్చిన మనిషి ఆస్పత్రికి చేరలేని ఊళ్లున్నాయి. ఆ చప్టా మీద రోజుకు వంద బళ్లు కూడా తిరగకపోవచ్చు. నా జాబితాలో మొదటి వరస దానిదే.