పని ఒత్తిడిలో వ్యాయామం తగ్గిస్తే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడినా, ఊళ్లో నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోన్ వచ్చినా ముందు ఆగిపోయేది జిమ్. బద్ధకం కంటే ఈ కింది నమ్మకాలే వాళ్లను ఆపేస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: కొన్ని వారాలు తగ్గిస్తే ఇన్నాళ్ల కష్టమంతా నీళ్లపాలే.

వాస్తవం: కండబలం అంత తొందరగా పోదు. పూర్తిగా మానేసినా రెండు మూడు వారాలు చాలావరకు నిలుస్తుంది. ముందుగా తగ్గేది దమ్ము. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్తంలోని నీరులాంటి భాగం, అంటే ప్లాస్మా, తగ్గడం అందుకు ఒక కారణం, మళ్లీ మొదలుపెడితే అది త్వరగానే పుంజుకుంటుంది.

మానేయకుండా తగ్గించి చేస్తే నష్టం ఇంకా తక్కువ. 1980ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం, వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టిగా సాధన చేసినవాళ్లను పరిశీలించింది. కొందరికి వారానికి 2 రోజులకు, మరో అధ్యయనంలో కొందరికి రోజుకు 13 నిమిషాలకు తగ్గించారు. 15 వారాల తర్వాత కూడా శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నిలబడింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం పడిపోయింది.

అందుకే నేను ముందు రోజులు, సెట్లు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్) కోస్తాను, ఎత్తే బరువు జోలికి వెళ్లను. మూడు సెట్ల స్క్వాట్స్ చేసేవాళ్లకు ఒకటే సెట్, అదే బరువుతో. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల్లో ఇంటికి పంపేస్తాను.

అపోహ: టెన్షన్ పోవాలంటే ఒళ్లు హూనమయ్యేలా చెమటోడ్చాలి.

వాస్తవం: తీవ్రమైన వ్యాయామం కూడా శరీరానికి ఒత్తిడే. అప్పటికి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. బాగా తిని, బాగా నిద్రపోయేవాళ్లు దాన్నుంచి తేలిగ్గా కోలుకుంటారు. రాత్రి రెండింటిదాకా కాల్‌లో ఉండి, పొద్దున ఆరింటికి డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకెత్తడం) చేస్తానంటే నేను ఒప్పుకోను. నిద్ర చాలని రోజుకు పైన చెప్పిన బరువు లెక్క వర్తించదు. ఆ రోజు కబ్బన్ పార్కులోనో అగర చెరువు గట్టు మీదో మాట్లాడుకుంటూ నడిస్తే చాలు.

అపోహ: పది నిమిషాలైతే చేసినా ఒకటే, మానేసినా ఒకటే.

వాస్తవం: ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. ఎంత చేసినా మేలేనంది.

అపోహ: ఒక్కరోజు తప్పితే అలవాటు తెగిపోతుంది.

వాస్తవం: లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక్కరోజు తప్పడం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీరు కాపాడుకోవాల్సింది వేళను. ఏడింటికి జిమ్‌కు వెళ్లే అలవాటుంటే ఈ గడ్డు వారాల్లోనూ ఏడింటికే బూట్లు వేసుకోండి, చేసేది పది గుంజీలైనా సరే. సాయంత్రానికి వాయిదా వేశారంటే సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాన్ని మింగేస్తుంది.

అపోహ: టెన్షన్ తీరాక డబుల్ చేస్తే లోటు పూడుతుంది.

వాస్తవం: గాయాలయ్యేది అప్పుడే. మొదటి వారం పాత సెట్లలో సగం చేయండి, తర్వాత వారం వారం పెంచుకోండి. తగ్గించి చేస్తున్నా అలసట వారాల తరబడి వదలకపోతే, లేదా ఛాతీలో నొప్పి వస్తే ట్రైనర్ దగ్గరకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి.