తోడు పెట్టిన పాలు

అసీసీ, ఇటలీ
నవంబరు

చిట్టీ, నానీ,

మొన్న ఫోన్లో నాని అడిగాడు, "తాతయ్యా, నీకు వాళ్ళ భాష రాదు, అక్కడ అన్నం వండరు, మన దేవుడి గూడూ లేదు. మరి ఎలా ఉంటున్నావ్?" అని. రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను.

మీకు కాన్వెంట్ అంటే స్కూలే కదా. ఇక్కడ నేనుంటున్న కాన్వెంట్ అంటే సిస్టర్లు కలిసి బతికే ఇల్లు. సెయింట్ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు పుట్టిన ఊరిది. అక్టోబరు 4 ఆయన పండుగ. నేను ఆ జనంలోనే వచ్చి దిగాను. వచ్చే యాత్రికులకు సిస్టర్లు గదులిచ్చి భోజనం పెడతారు. బల్లలు సర్దడం, తోటపని నా వంతు.

నానమ్మ రాత్రిపూట పాలు తోడు పెట్టడం చూశారుగా? పాలు మరీ వేడిగా ఉండకూడదు, చల్లారిపోనూ కూడదు. వేలు పెడితే ఓర్చుకునేంత ఉండాలి. ఒక్క చెంచా పెరుగు చాలు. ఆ తర్వాత గిన్నె కదపకూడదు. నేనూ అలాంటి పాలనే అనుకోండి.

మొదటి రెండు వారాలూ నేను మరీ వేడి మీద ఉన్నాను. అందరికీ సాయం చేసెయ్యాలని ఆరాటం. ఎవరూ తిని లేవకముందే పళ్ళేలు తీసేవాణ్ణి. పెద్ద సిస్టర్ నా చెయ్యి పట్టుకుని "పియానో, పియానో" అన్నారు. నెమ్మదిగా, నెమ్మదిగా అని. ఇక చెంచాడు తోడు అంటే ఒక్క మాట: "పెర్మెస్సో". ఎవరి గడప దాటాలన్నా ముందు ఆ మాట అనాలి, "లోపలికి రావచ్చా" అన్నట్టు. అది నేర్చుకున్నాక ప్రతి తలుపు దగ్గరా నవ్వు ముఖమే ఎదురైంది. ఎక్కడికెళ్ళినా ముందు ఆ ఇంటి మర్యాద మాట ఒకటి నేర్చుకోండి నాన్నా, మిగతా భాష తర్వాత వస్తుంది.

తిండి మాటకొస్తే, ఇక్కడి రొట్టెలో ఉప్పుండదు. 1540లో పోప్ ఉప్పు మీద పన్ను పెంచితే పక్కనున్న పెరూజా వాళ్ళు తిరగబడ్డారు. అప్పటి నుంచే ఉప్పు మానేశామని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. దండి గుర్తొచ్చి నాకు ఆ చప్పిడి రొట్టె మీద గౌరవం కలిగింది. ఆవకాయతో తిని చూశాను, అద్భుతంగా ఉంది. ఒక సిస్టర్ కూడా రుచి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాపారు.

పొద్దున్నా సాయంత్రమూ గంట మోగితే వాళ్ళు ప్రార్థనకు వెళతారు. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. వెనక బెంచీ మీద కూర్చుని ఆ పాట వింటాను. నా విష్ణు సహస్రనామం నా గదిలో చదువుకుంటాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పాలు పెరుగయ్యే క్షణం ఎలాగైనా చూడాలని పట్టుబట్టాను. లాంతరు పట్టుకుని అర్ధరాత్రి వంటింట్లోకి వెళ్ళి, మూత తీసి, వేలు పెట్టి, గిన్నె ఊపి చూశాను. అలా నాలుగుసార్లు. తెల్లారేసరికి పెరుగంతా నీళ్ళు నీళ్ళు. అమ్మ తిట్టలేదు, మజ్జిగ చేసి అందరికీ పోసింది. ఇక్కడికొచ్చాక కూడా నేను అదే పని చేశాను. కుదురుకున్నానా లేదా అని రోజూ మూత తీసి చూసుకున్నాను.

ఈమధ్య ఆలివ్ కాయలు కోస్తున్నాం. చెట్టు కింద వలలు పరిచి, చిన్న దువ్వెనల్లాంటి వాటితో కొమ్మలు దువ్వితే కాయలు రాలుతాయి. ఆ పనిలో పడి నా సంగతి నేను మర్చిపోయాను. నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే, నా పళ్ళెం పక్కన అతిథులకిచ్చే కాగితపు రుమాలు లేదు. సిస్టర్లందరికీ ఉన్నట్టే చిన్న గుడ్డసంచీ, అందులో మడిచిన గుడ్డ రుమాలు, సంచీ మీద ఎర్ర దారంతో నా పేరు. ఎవరు కుట్టారో, ఎప్పుడు పెట్టారో నేను చూడలేదు. గొంతు పట్టేసి కాసేపు ముద్ద దిగలేదు.

ఈ రాత్రి నానమ్మనడిగి మీరే తోడు పెట్టండి. చలికాలం కదా, గిన్నెకు తువ్వాలు చుట్టండి. రాత్రి లేచి మూత తియ్యొద్దు. పొద్దున మాత్రం అందరికంటే ముందు లేచి, గిన్నె కొంచెం వంచి చూడండి.

మీ తాతయ్య