ఆ మార్కులు ఏ మెషిన్‌కి వేసినవి?

కొత్త వీడియో గేమ్‌కి రివ్యూలో పదికి తొమ్మిది పడతాయి. అది చూసి డిస్కు కొన్నవాడి దగ్గర గేమ్ నత్తనడక నడుస్తుంది. ఆ వెంటనే "రివ్యూలన్నీ డబ్బులిచ్చి రాయించినవే" అన్న మాట లేస్తుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కుర్రాళ్ల మధ్య ఈ తగువు మళ్లీ మొదలైంది. ఒడియాలో మొదలై తెలుగులో తేలినా, తెలుగులో మొదలై ఒడియాలో తేలినా వర్గాలు మాత్రం రెండే. మార్కులు అమ్ముడుపోయాయని ఒకరంటారు. మార్కులు సరైనవే, మన దగ్గరున్న మెషిన్‌కి వేసినవి మాత్రం కావని ఇంకొకరంటారు. పత్రికల్లో గేమ్‌లకు మార్కులు వేసే అలవాటు ఎప్పుడు, ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు కాబట్టి అది వదిలేసి నేరుగా 2020 డిసెంబర్‌కి వెళ్దాం. ఇవాళ్టి గొడవకి ముడి పడింది అక్కడే.

సీడీ ప్రాజెక్ట్ కంపెనీ తయారుచేసిన సైబర్‌పంక్ 2077 గేమ్ ఆ నెల 10న అమ్మకానికి వచ్చింది. రివ్యూలు మూడు రోజుల ముందే, 7న వచ్చేశాయి. గేమ్ ముందుగా ఆడి చూడటానికి రివ్యూయర్లకు కంపెనీ అప్పటిదాకా ఇచ్చిన కోడ్‌లన్నీ పీసీవే. పీఎస్4 (ప్లేస్టేషన్ 4), ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్‌ల మీద గేమ్ ఎలా ఉందో ఆ రివ్యూలు రాసేముందు వాళ్లెవరూ ఆడి చూడలేదు. పైగా వీడియో రివ్యూల్లో తాము ఆడిన దృశ్యాలు వాడుకోకూడదని, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలని షరతు పెట్టారు. మొదటి రెండు రోజులు, పత్రికల మార్కులన్నిటికీ సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో ఆ సగటు 90 చుట్టుపక్కల కనిపించింది. ఆ అంకె చూసి కొన్నవాళ్లూ ఉన్నారు.

మన వైపు ఈ దెబ్బ ఎందుకు గట్టిగా తగిలిందో ఒక్క తేదీ చూస్తే తెలుస్తుంది. పీఎస్5 భారత్‌లో అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయలకి. అంటే సైబర్‌పంక్ విడుదలైన రోజున బరంపురంలోనైనా ముంబైలోనైనా అధికారికంగా దొరికే ప్లేస్టేషన్ అంటే పీఎస్4, లేదంటే పీఎస్4 ప్రో. పీసీకి వేసిన ఆ మార్కులు ఈ రెంటిలో దేనికీ పనికిరావు.

పీఎస్4లో జరిగిందేమిటో కాస్త వివరంగా చూడాలి. ఆ గేమ్‌లో నగరం మొత్తం ఒకేసారి మెమరీలో పట్టదు. ఆటగాడు కదిలేకొద్దీ ముందున్న వీధి డ్రైవ్ నుంచి అప్పటికప్పుడు లోడ్ అవ్వాలి. పీఎస్4లో ఉండేది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. అది సెకనుకు 100 ఎంబీ అందిస్తే గొప్ప. పీఎస్5లోని ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని డ్రైవ్, సెకనుకు 5.5 జీబీ అందిస్తుంది. కారు వేగం పెంచితే డ్రైవ్ వెనకబడుతుంది. గోడలు మైనం ముద్దల్లా కనిపిస్తాయి, మనుషులు ఆలస్యంగా ప్రత్యక్షమవుతారు, రోడ్డు ఖాళీ అవుతుంది. తెర మీద సెకనుకు 30 ఫ్రేమ్‌లు, అంటే 30 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 33.3 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. అది 50 దాటితే ఫ్రేమ్‌లు 20కి దిగువకి పడిపోతాయి. మామూలు పీఎస్4 మీద రద్దీ చోట్ల జరిగింది సరిగ్గా అదే. "ల్యాగ్ కొడుతోంది" అని మెషిన్ విప్పి ఫ్యాన్ దుమ్ము దులిపినవాళ్లు, థర్మల్ పేస్ట్ మార్చినవాళ్లు ఉన్నారు. వేడెక్కి ఆగిపోయే మెషిన్‌కి అది మందే, ఈ జబ్బుకి కాదు. హార్డ్ డిస్క్ తీసేసి 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ వేస్తే లోడింగ్ తగ్గుతుంది, గోడలూ త్వరగా తేరుకుంటాయి. ఫ్రేమ్‌లు మాత్రం పెద్దగా పెరగవు, ఎందుకంటే లోపలున్న ప్రాసెసర్ అదే 1.6 గిగాహెర్ట్జ్‌ది.

కంపెనీ తన వాదన 2021 జనవరి 13న వీడియోలో చెప్పుకుంది. పాత కన్సోల్‌ల హార్డ్ డిస్క్ వేగానికి తగ్గట్టు డేటా అందించే వ్యవస్థను సరిచేయడం అనుకున్నదానికంటే కష్టమైందని, తమ పరీక్షల్లో ఈ లోపాల్లో చాలావరకు బయటపడలేదని, చివరి నిమిషం దాకా పనిచేస్తూ ఉండటం వల్ల కన్సోల్ కోడ్‌లు 8న గానీ పంపలేకపోయామని సీడీ ప్రాజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వివరించాడు. అదే కంపెనీ విడుదలకు ముందు, 2020 నవంబర్ చివర్లో, మదుపరులతో మాట్లాడుతూ పాత కన్సోల్‌ల మీద గేమ్ ఆశ్చర్యపోయేంత బాగా నడుస్తోందని చెప్పింది.

2020 డిసెంబర్ 17న, ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ ఈ గేమ్‌ను ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది, డిజిటల్‌గా కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కిస్తామంది. గేమ్ తిరిగి స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్ 21న. గేమ్ రివ్యూల సైట్ ఐజీఎన్ విడుదలకు ముందే పీసీ వెర్షన్‌కి 9 ఇచ్చి ఉంది, పాత కన్సోల్‌లకు విడిగా రాసిన రివ్యూలో 4 ఇచ్చింది. మెటాక్రిటిక్‌లో ఇప్పటికీ పీసీకి 86, పీఎస్4కి 57 పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇందులో విమర్శకుల తప్పెంత? కోడ్ వచ్చేసరికి వారమో, అంతకంటే తక్కువో గడువుంటుంది. దానితోపాటు ఏ గంటకి ప్రచురించాలో, కథలో ఎక్కడిదాకా మాట్లాడవచ్చో చెప్పే షరతుల కాగితం వస్తుంది. ఎంబార్గో అంటే అదే. గేమ్ ఇన్‌స్టాల్ చేసి వెర్షన్ నంబర్ రాసుకోవాలి, ముప్పై నలభై గంటలు ఆడాలి, ఎన్నిసార్లు ఆగిపోయిందో, సేవ్ ఫైల్ ఎక్కడ చెడిందో నమోదు చేసుకోవాలి. రెండు గ్రాఫిక్స్ మోడ్‌లుంటే రెండూ చూడాలి. రాయడం ఆ తర్వాతి పని. మధ్యలో ప్యాచ్, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్, వస్తే సగం నోట్స్ పనికిరాకుండా పోతాయి. "విడుదల రోజు ప్యాచ్‌తో ఇది బాగవుతుంది" అని కంపెనీ మాటిస్తే, దాన్ని నమ్మాలో వద్దో రివ్యూయరే తేల్చుకోవాలి. సైబర్‌పంక్ రివ్యూల్లో పీసీ మీద ఆడామని రాశారు. ఆ వాక్యం వ్యాసం లోపల ఎక్కడో ఉండిపోయింది, ఫోన్లలో తిరిగింది అంకె ఒక్కటే.

ఎవరికి ఏ వెర్షన్ ఎప్పుడు చూపించాలన్నది కంపెనీ చేతిలో ఉండటం 2020లో కొత్తగా మొదలైంది కాదు. 2014 నవంబర్ 11న అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమెరికాలో అర్ధరాత్రి అమ్మకానికి వచ్చింది. రివ్యూల ఎంబార్గో మాత్రం అక్కడి మధ్యాహ్నం 12కి తీరింది. మన లెక్కలో రాత్రి పదిన్నర. ముఖం చర్మం లేకుండా కళ్లు, పళ్లు మాత్రమే కనిపించే పాత్రల ఫొటోలు ఆ గేమ్‌వే. 2016 అక్టోబర్‌లో బెథెస్డా అనే గేమ్ కంపెనీ, ఇకపై రివ్యూ కాపీలు విడుదలకు ఒక్క రోజు ముందే ఇస్తామని ప్రకటించింది.

అమ్ముడుపోయారనే వర్గం చూపించే సాక్ష్యం 2007 నవంబర్‌ది. కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కి 6 ఇచ్చిన రివ్యూయర్ జెఫ్ గెర్‌స్ట్‌మన్‌ను గేమ్‌స్పాట్ సైట్ ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పుడా సైట్ నిండా అదే గేమ్ ప్రకటనలున్నాయి. ప్రకటనలిచ్చిన కంపెనీ ఒత్తిడి వల్లే అలా జరిగిందని 2012లో ఆయనే చెప్పాడు. జరిగింది నిజమే. కానీ అక్కడ ఉద్యోగం పోయింది తక్కువ మార్కులు వేసినందుకు. ఆ రివ్యూయర్ అమ్ముడుపోలేదు.

ఆ అంకె కోసం కంపెనీలు ఎందుకంత పాకులాడతాయో తెలియాలంటే ఫాలవుట్ న్యూ వేగాస్ అనే గేమ్ సంగతి చాలు. మెటాక్రిటిక్‌లో 85 వస్తే తయారీదారు ఆబ్సిడియన్‌కు బోనస్ ఇవ్వాలని ఒప్పందం. వచ్చింది 84. ఆ సగటు కట్టే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. ఏ పత్రికకు ఎంత బరువు ఇస్తారో మెటాక్రిటిక్ బయటపెట్టదు. 'బి మైనస్' గ్రేడ్‌ను 67గా మారుస్తుంది. సినిమాకి 61 వస్తే ఆకుపచ్చ, గేమ్‌కి 75 రావాలి. ఆంధ్రా వైపు పదో తరగతిలో 35కి పాసయ్యే మనకు 74 అంటే మంచి మార్కులే అనిపిస్తుంది, ఆ పేజీలో మాత్రం పసుపు రంగే. రివ్యూయర్లు ఏడుకి పైనే తచ్చాడటానికి ఇదొక కారణం. నాసిరకం గేమ్‌లు చాలావరకు రివ్యూ దాకా రాకపోవడం ఇంకో కారణం.

2020 పాఠం కంపెనీలకు ఎక్కిందా అంటే, 2024 ఆగస్టులో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ గేమ్ చూడండి. విడుదలకు ముందు రివ్యూయర్లకు అందినవి మళ్లీ పీసీ కోడ్‌లే. పీఎస్5 కోడ్‌లు రాలేదు. కార్ల రేసుల గేమ్ గ్రాన్ టురిస్మో 7ది ఇంకో రకం తంటా. 2022 మార్చి 4న విడుదలయ్యేటప్పటికి రివ్యూలు బాగున్నాయి, సగటు 87. రెండు వారాలు తిరక్కుండా 1.07 అప్‌డేట్‌తో కొన్ని రేసుల బహుమతి సొమ్ము కోసేశారు. దాంతోపాటు సర్వర్లు 30 గంటలకు పైగా ఆగిపోయాయి. రివ్యూయర్లు చూసిన గేమ్‌లో ఆ కోత లేదు. జనం వేసే మార్కులు పాతాళానికి పడిపోయాయి, 87 మాత్రం చెక్కుచెదరలేదు.

డిస్కు కొనేవాళ్లు రివ్యూలో అంకె కంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి. ఏ మెషిన్ మీద ఆడారు, ఏ వెర్షన్, ఏ మోడ్, ఏ తేదీన రాశారు. పీఎస్4లో గేమ్ బొమ్మ మీద ఆప్షన్స్ బటన్ నొక్కి ఇన్ఫర్మేషన్‌లోకి వెళితే మీ దగ్గరున్న వెర్షన్ కనిపిస్తుంది. డిస్కులో అచ్చయింది తొలి వెర్షన్, రివ్యూయర్ ఆడింది ప్యాచ్ వేసినది అయితే రెండూ వేరే సరుకు. 40 జీబీ ప్యాచ్ దిగడానికి 10 ఎంబీపీఎస్ లైన్ మీద దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. దిగాక ఇన్‌స్టాల్ అవుతుండగా కరెంటు పోతే గేమ్ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు మెషిన్ పూర్తిగా ఆపి, పవర్ బటన్ ఏడు సెకన్లు, రెండో బీప్ వినిపించేదాకా నొక్కిపట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఐదో ఆప్షన్ రీబిల్డ్ డేటాబేస్ ఎంచుకోవాలి.

మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదట వేసిన మార్కులే తీసుకుంటుంది, తర్వాత ఆ పత్రిక మార్చుకున్నా లెక్కలోకి తీసుకోదు. సైబర్‌పంక్‌కు పీఎస్4లో చాలా ప్యాచ్‌లు వచ్చాయి, గేమ్ చాలా తేరుకుంది. 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ ఆ మెషిన్‌కి రానేలేదు. స్కోరు మాత్రం 57 దగ్గరే ఉంది. అందుకే సెకండ్‌హ్యాండ్ డిస్కు బేరంలో అమ్మేవాడు 86 చూపిస్తాడు, కొనేవాడు 57 చూపిస్తాడు.