పొయ్యి లేకుండా సున్నం ఎట్టా ఉడికింది?

బుజ్జి తల్లికి, చిన్నోడికి, వాళ్ళతో పాటు ఇది చదివే పిల్లలందరికీ తాతయ్య రాసేది.

మొన్న పండక్కి వెల్ల వేయిద్దామని దొడ్లో గోలెంలో సున్నపు గడ్డలేసి నీళ్ళు పోయిస్తుంటే బుజ్జి తల్లి అడిగింది గుర్తుందా, "తాతయ్యా, కింద పొయ్యి లేదుగా, ఎట్టా ఉడుకుతోంది?" అని. చుట్టాలొచ్చిన హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను, మీరేమో బస్సెక్కి వెళ్ళిపోయారు, ఇప్పుడు ఇల్లంతా బోసిపోయి ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

మన పల్నాడంతా సున్నపురాయేనమ్మా. ఆ రాయిని పండగనాటి మనిల్లు అనుకో, లోపల అందరూ ఉన్నారు. పిడుగురాళ్ళ వైపు వెళ్తే బట్టీలు కనపడతాయే, వాటిల్లో ఈ రాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ఇంట్లో పెద్దకొడుకు ఉండలేక బయటికి వెళ్ళిపోతాడు, వాడే కార్బన్ డయాక్సైడ్, మా చిన్నప్పుడు బొగ్గుపులుసు గాలి అనేవాళ్ళం. మంచి రాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు అట్టా గాల్లో కలిసిపోతుంది, మిగిలేది 56 కిలోలే. గడ్డ చూడ్డానికి రాయిలాగే ఉంటుంది గానీ చేత్తో పట్టుకుంటే తేలిక. ఆ మిగిలిన దాని పేరు కాల్షియం ఆక్సైడ్, అదే పొడి సున్నం. మీరెళ్ళాక మీ నానమ్మ వీధి గుమ్మంలో కూచుని దారిన పోయేవాళ్ళందర్నీ "రండి, కాఫీ తాగి వెళ్ళండి" అని పిలుస్తోందే, అట్టా ఉంటుంది దాని పరిస్థితి, ఎవరొచ్చినా వదలదు. నీళ్ళు తగిలాయా, గబుక్కున పట్టేసుకుంటుంది, ఆ కలుసుకోవడంలో పుట్టేదే నువ్వు చూసిన వేడి. ముందు గడ్డ బుసబుసమంటుంది, తర్వాత పగుళ్ళిస్తుంది, విచ్చుకుంటుంది, ఆవిరి లేస్తుంది, చివరికి గోలెమంతా కుతకుతా ఉడుకుతుంది.

ఆ వేడి ఎంతుంటుందో నేను పదేళ్ళప్పుడు చూశాను. సున్నపు గడ్డల బండి ఒకటి మా ఊరి మీదుగా పోతోంది, పైన వరిగడ్డి కప్పారు, కాలం కాని కాలంలో జల్లు పడింది. కాసేపటికి గడ్డిలోంచి పొగ! నిప్పు ఎవరూ పెట్టలేదు, పైగా వాన పడుతోంది, మేం పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. బండాయన మాత్రం సరుకు వంక చూడకుండా ముందు కాడి దించి ఎద్దుల్ని దూరంగా తోలి అప్పుడు వెనక్కి వచ్చాడు. సరుకు కాలితే మళ్ళీ తెచ్చుకోవచ్చు, నోరులేని జీవాలు పోతే తేగలమా, అది ఆయన్ని చూసే నేర్చుకున్నాను, మీరూ గుర్తుపెట్టుకోండి.

ఇంక అసలు విషయం. పెద్దకొడుకు పోయాడన్నాను కదా, వాడు తిరిగొస్తాడు! గోడకి వెల్ల వేశాక సున్నం మెల్లగా గాల్లోంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌ని మళ్ళీ లోపలికి తీసుకుంటుంది, కొడుకు రాగానే ఇన్నాళ్ళూ తోడున్న నీళ్ళు సంచీ సర్దుకుని బయల్దేరతాయి, గోడ మీద మిగిలేది మళ్ళీ సున్నపురాయే. వేసిన రోజు కాస్త మసగ్గా ఉన్న గోడ నాలుగు రోజులకి తెల్లగా మెరిసేది ఇందుకే. కాకపోతే వెళ్ళినవాడే రావాలని లేదు, గాల్లో ఏ కార్బన్ డయాక్సైడ్ దొరికితే అదే కొడుకు. నువ్వూ తమ్ముడూ పండగ మూడు రోజులూ ఆ గదిలోనే పడుకున్నారుగా, మీరు వదిలిన ఊపిరి కొంత ఆ గోడలో రాయైపోయి ఉంటుంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది, రాత్రి పడుకునేముందు ఆ గోడ మీద ఒకసారి చెయ్యేసి చూస్తున్నా.

అమరావతి స్తూపం శిల్పాలు కూడా ఈ పల్నాటి సున్నపురాతిలో చెక్కినవే. 1816లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మనుషుల్ని పెట్టి అక్కడి శిల్పాల్ని బొమ్మలు గీయించాడు, కానీ ఆ రోజుల్లో ఎన్నో పలకల్ని జనం సున్నం కోసం కాల్చేసుకున్నారు. గోడకి వెల్ల ఏ రాయితోనైనా వస్తుంది, ఆ చెక్కిన చేతులు మళ్ళీ రావు కదమ్మా. మిగిలినవాటిలో చాలావరకు మద్రాసు మ్యూజియంలో, లండన్‌లో ఉన్నాయి, మీ నాన్న ఎప్పుడైనా మద్రాసు తీసుకెళ్తే తప్పకుండా చూడండి.

ఇప్పుడు మీకో పని. పొడి సున్నం జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, కంట్లో పడితే చూపు పోతుంది. కిళ్ళీకొట్లో దొరికే తాంబూలం సున్నం శనగగింజంత, అది కూడా అమ్మ చేతే వేయించి, గాజుగ్లాసు నీళ్ళలో కలపమనండి. కాసేపాగితే తెలుపంతా అడుక్కి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. ఆ తేటని ఇంకో గ్లాసులోకి వంచి, మూత పెట్టకుండా, ఎవరూ తాగకుండా పైన అలమరలో పెట్టమనండి. పొద్దున్నే లేచి కదపకుండా పక్కనించి చూడండి, పాల మీద మీగడలాగా పల్చటి తరక కట్టి ఉంటుంది. అది రాయి. రాత్రికి రాత్రి, మీ ఇంటి గాల్లోంచి తయారైన రాయి. కట్టిందో లేదో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య