ప్రోటాన్ బరువు ఎక్కడిది? నాంబు వెతికిన జవాబు

ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల (ఇంకా చిన్న మూలకణాల) ద్రవ్యరాశి కలిపి చూస్తే 9 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) దగ్గరే ఆగిపోతుంది. ప్రోటాన్ ద్రవ్యరాశేమో 938. మరి మిగతాదంతా ఎక్కడిది? 2012లో, మూలకణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రానికి గుర్తైన హిగ్స్ బోసాన్ కణం దొరకడంతో ద్రవ్యరాశి గుట్టు వీడిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ మన ఒంటి బరువులో హిగ్స్ క్షేత్రం వాటా నూటికి ఒకటి మాత్రమే.

మిగతా తొంభై తొమ్మిది వంతుల జాడ పట్టిన మనిషి భౌతిక శాస్త్రవేత్త యోయిచిరో నాంబు. 1921లో టోక్యోలో పుట్టారు. యుద్ధం ముగిశాక అక్కడి విశ్వవిద్యాలయంలో తన ఆఫీసు గదిలోనే కాపురం, బల్ల మీదే నిద్ర. 1954లో షికాగో చేరారు.

1957లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ ష్రీఫర్ అక్కడికి వచ్చి, అప్పటికింకా అచ్చుకాని అతివాహకత (కొన్ని పదార్థాల్లో కరెంటు ఏ నిరోధమూ లేకుండా పారడం) సిద్ధాంతాన్ని వివరించారు. అందులో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఆ స్థితిలో ఎలక్ట్రాన్లు ఇన్ని అని తేల్చి చెప్పలేం. అలాంటప్పుడు విద్యుదావేశ నిత్యత్వం, అంటే మొత్తం ఆవేశం మారదన్న నియమం, ఏమైనట్టు? ఈ ప్రశ్న నాంబును రెండేళ్లు వదల్లేదు. అందరూ ఫలితాలను మెచ్చుకుంటుంటే ఆయన పునాదిని పట్టుకుని కూర్చున్నారు. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

చివరికి తేలిందేమిటంటే, ఆ నియమానికి మూలమైన సౌష్ఠవం (మార్పు చేసినా సమీకరణాలు అలాగే ఉండే గుణం) సమీకరణాల్లో చెక్కుచెదరదు. వ్యవస్థ కనిష్ఠ శక్తి స్థితికి దిగినప్పుడు మాత్రం అది మరుగున పడుతుంది. అప్పుడు అతివాహకంలో ఒక శక్తి అంతరం (ఎలక్ట్రాన్ జంటను విడదీయడానికి కావలసిన కనీస శక్తి) పుడుతుంది. దాని గణిత రూపం, ఎలక్ట్రాన్ లాంటి కణాలను వర్ణించే డిరాక్ సమీకరణంలో ద్రవ్యరాశి కనిపించే రూపం ఒకటే! నాంబు దీన్ని ఏకంగా శూన్యానికే అన్వయించారు. 1961లో సహ శాస్త్రవేత్త జోనా-లాసీనియోతో కలిసి రాసిన పత్రాల్లో, శూన్యంలో కణ-ప్రతికణ జంటలు నిండి ఉంటే ద్రవ్యరాశి లేని కణానికి కూడా ద్రవ్యరాశి వస్తుందని చూపారు. పయాన్ అనే కణం ప్రోటాన్ కంటే అంత తేలిగ్గా ఉండటానికి కారణం కూడా అదే లెక్కలో దొరికింది. క్వార్కుల ఊహే అప్పటికింకా పుట్టలేదు!

1964లో, హిగ్స్ బోసాన్‌ను ఊహించిన పీటర్ హిగ్స్ పత్రాన్ని ప్రచురణకు ముందు పరిశీలించింది కూడా నాంబుయే. నోబెల్ మాత్రం 87 ఏళ్ల వయసులో, 2008లో వచ్చింది. క్వార్కులు, వాటిని అతికించి ఉంచే గ్లూవాన్ల శక్తి నుంచి ప్రోటాన్ ద్రవ్యరాశిని సూపర్ కంప్యూటర్లు కొద్ది శాతం తేడాతో లెక్కగట్టిన ఏడాది కూడా అదే.

అలాగని హిగ్స్ వాటాను చిన్నచూపు చూడలేం. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి వచ్చేది హిగ్స్ క్షేత్రం నుంచే; అది లేకపోతే అసలు పరమాణువే ఏర్పడదు. ఆ విలువ అంతే ఎందుకుందో ఏ సిద్ధాంతమూ ఇంకా చెప్పలేకపోతోంది. ప్రయోగాల్లో కొలిచి సమీకరణాల్లో పెట్టుకుంటున్నాం, అంతే.